బొంతల మీద ఎంబ్రాయిడరీ: చేత్తోనే కుట్టాలా, కంప్యూటర్ మిషన్ కొనాలా?

పెన్నగట్టు_సూది
నెల్లూరులో ఇంటి దగ్గరే కుట్టి అమ్మే పని నాది. పసిపిల్లల బొంతలు, ఏసీ గదుల్లోకి పల్చటి సింగిల్ బొంతలు. ఉన్నది మోటారు బిగించిన కాలు మిషన్, నేరుకుట్టు తప్ప ఇంకేం రాదు. ఇప్పుడు అడిగేవాళ్ళంతా పువ్వులు, పిట్టలు, పిల్లల పేర్లు కావాలంటున్నారు. చేత్తో అయితే ఒక్కో గడికి పూట పోతోంది. షాపులో 4×4 అంగుళాల హూప్ (గుడ్డ బిగించే చట్రం) వచ్చే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ చూపించి, బొంత మొత్తం దీంతోనే అయిపోద్ది అంటున్నారు. 5×7 హూప్ అయితే ధర చాలా పైకి పోతోంది. బొంతల కోసమే అయితే ఏది కొనాలి, అసలు కొనాలా వద్దా? వాడేవాళ్ళు లెక్కలతో చెప్పండి.

ఒంగోలు_ఓవర్‌లాక్
బొంత మొత్తం అయిపోద్దని చెప్పినాయన బొంత కుట్టి ఎరగడు. ఇక్కడ రెండు పనులున్నాయి. పై గుడ్డ మీద బొమ్మ వేయడం ఒకటి, పై గుడ్డ, మధ్య పొర, అడుగు గుడ్డ మూడూ కలిపి కుట్టడం ఇంకోటి. ఎంబ్రాయిడరీ మిషన్ మొదటిదానికే. రెండోది కూడా హూప్‌లోనే చేయొచ్చు గానీ మూడు పొరలూ కలిపి హూప్‌లో బిగించాలి, ఒక ముక్క అయ్యాక తీసి పక్క ముక్కకి మళ్ళీ బిగించాలి. సింగిల్ బొంతకి 4×4 హూప్‌తో వందసార్లకు పైనే బిగించాల్సి వస్తుంది. ప్రతిసారీ గీతకి గీత కలవాలి. మిగతా బొంత బరువు హూప్‌ని పక్కకి లాగుతుంది, డిజైన్ జరిగిపోతుంది.

మీకు ముందు కావాల్సింది ఉన్న మిషన్‌కి వాకింగ్ ఫుట్. ఇది గుడ్డని అదిమే పాదం లాంటిదే, పై పొరని కూడా కింది పళ్ళతో పాటే ముందుకు నడుపుతుంది, ముడతలు రావు. 14 నంబరు సూది, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, ఫుట్ ఒత్తిడి కొంచెం తగ్గించాలి. దాని ధర మిషన్ ధరలో పిసరంత.

గొలుసుకుట్టు
ఒక్కో గడికి పూట పోతోందంటే నిండుకుట్టు నింపుతున్నారేమో. బొంతకి అంత నింపుడు అక్కర్లేదు. గీత బొమ్మ తీసుకుని కాడకుట్టు వేయండి, రెండు పోగులతో. 12 అంగుళాల గడిలో గీతల పొడవు మొత్తం కలిపి 2 మీటర్లు దాటదు. కాడకుట్టుకి గీత పొడవుకి రెండున్నర నుంచి మూడింతల దారం పడుతుంది, అంటే గడికి 5–6 మీటర్లు. అంకర్ కంపెనీ దారం లచ్చీ 8 మీటర్లు, ఆరు పోగులు. రెండేసి పోగులుగా విడదీస్తే 24 మీటర్ల దారం. ఒక లచ్చీతో నాలుగు గళ్ళు వస్తాయి. చెయ్యి తిరిగినవాళ్ళకి గడికి రెండు మూడు గంటలు.

దారం 18 అంగుళాలకి మించి తుంచొద్దు. పొడవు ఎక్కువైతే గుడ్డలో దూరి దూరి పోగు నలిగిపోతుంది, మెరుపు పోతుంది.

కనిగిరి_కత్తెర
4×4 మాత్రం కొనొద్దు. ఎందుకో లెక్క చూడండి.
12 అంగుళాల గళ్ళు అడ్డం 5, నిలువు 7. మొత్తం 35. చుట్టూ 3 అంగుళాల అంచు వేస్తే 66×90 సింగిల్ బొంత వస్తుంది. గడి విడిచి గడి బొమ్మ వేస్తే 18 బొమ్మలు చాలు. కానీ 12 అంగుళాల గడిలో 4 అంగుళాల బొమ్మ తపాలా బిళ్ళలా ఉంటుంది. బొమ్మకి తగ్గట్టు గడి 8 అంగుళాలు చేస్తే 7 అడ్డం, 11 నిలువు, 77 గళ్ళు. సగం గళ్ళలో వేసినా 39 బొమ్మలు. మిషన్ తేలిక చేసిన పనిని హూప్ రెట్టింపు చేస్తుంది. 5×7 అయితే 12 అంగుళాల గడికి సరిగ్గా నప్పుతుంది.

దబ్బనం_90
పసిపిల్లల బొంత 36×45 అయితే 4×4 చాలదా అన్నా? మరీ భయపెడతన్నారు.

కనిగిరి_కత్తెర
@దబ్బనం_90 పసిపిల్లల బొంత ఒక్కటే కుట్టేటట్టయితే చాలుద్ది. ఆయమ్మ సింగిల్ బొంతలు కూడా అంటోంది గదా.

పెన్నగట్టు_సూది
వాకింగ్ ఫుట్ సంగతి నాకు ఎవరూ చెప్పలా, థాంక్సన్నా. మిషన్ మీద 18 బొమ్మలకి నిజంగా ఎంతసేపు పడుతుంది? షాపులో పది నిమిషాల్లో ఒక గులాబీ కుట్టి చూపించారు.

ట్రంకురోడ్డు_టైలర్
గులాబీ పది నిమిషాలంటే అది చిన్నది, రంగులు తక్కువ. అసలు లెక్క ఇది. 5×7లో నిండుగా ఉండే డిజైన్ సుమారు 12,000 కుట్లు. ఇంటి మిషన్ నిమిషానికి 800 అని రాసున్నా, కాటన్ మీద 600కి పెట్టి నడపాలి. అంటే 20 నిమిషాలు. ఐదు రంగులైతే ఒంటి సూది మిషన్‌లో రంగు మారినప్పుడల్లా ఆగుతుంది, దారం మీరే మార్చాలి, ఇంకో 10 నిమిషాలు. హూప్ బిగించడం, తీయడం, దారం కొసలు కత్తిరించడం కలిపి గడికి 40 నిమిషాలు అనుకోండి. 18 గళ్ళకి 12 గంటలు.

అదే గీతల డిజైన్ అయితే 3,000 కుట్లు, ఒకే రంగు. 5 నిమిషాల్లో దిగిపోద్ది.

అసలు మాట, 12,000 కుట్ల డిజైన్ బొంతకి పనికిరాదు. ఆ చోట గుడ్డ అట్టముక్క అయిపోద్ది. కప్పుకుంటే ఒంటికి గుచ్చుకుంటుంది, మడత పడదు. పొరలు కలిపేటప్పుడు చేతి సూది అందులో దిగదు, మిషన్ సూది విరుగుద్ది. అందుకే నిండు బొమ్మ ఉన్నచోట కుట్టు దాని మీదుగా పోనీకుండా, చుట్టూ పావు అంగుళం దూరంలో తిప్పుతారు.

గొలుసుకుట్టు
అంటే బొంతకి మిషన్ మీద వేసినా గీత బొమ్మే వేయాలి. గీత బొమ్మే అయినప్పుడు చేత్తో వేయొచ్చు గదా! మిషన్ లాభం ఏముంది?

ట్రంకురోడ్డు_టైలర్
@గొలుసుకుట్టు గడికి మూడు గంటలకీ పావుగంటకీ తేడా లేదా అక్కా? 18 గళ్ళకి మీ లెక్కనే 54 గంటలు. ఆ 54 గంటల కూలి ఎవరు ఇస్తారో చెప్పండి, రేపే మిషన్ అమ్మేసి సూది పడతా.

గొలుసుకుట్టు
ఇచ్చేవాళ్ళు ఇస్తారు. చేతికుట్టు గుర్తుపట్టేవాళ్ళు వెనక తిప్పి చూస్తారు. మిషన్ బొమ్మని అందరూ ఒకే ఫైలు నుంచి కుడతారు, పక్క వీధిలో అదే నెమలి ఉంటుంది. ఆ నెమలికి ధర తగ్గించి అమ్మడమే మిగులుద్ది.

ఒంగోలు_ఓవర్‌లాక్
ఇద్దరూ కరెక్టే, కొనేవాళ్ళు వేరు. పేరు రాసిన పసిపిల్లల బొంత కావాలనేవాళ్ళు వారంలో కావాలంటారు, వెనక తిప్పి చూడరు. పెళ్ళికి పెట్టే బొంత అడిగేవాళ్ళు రెండు నెలలు ఆగుతారు. మీ దగ్గరికి ఎవరు ఎక్కువ వస్తున్నారో అది చూసుకోండి.

ఇన్వర్టర్‌బాబు
ఎవరూ కరెంటు మాట ఎత్తలేదు. ఇంటి ఎంబ్రాయిడరీ మిషన్ 100 వాట్లు కూడా లాగదు, కానీ వోల్టేజీ ఊగితే ఊరుకోదు. డిజైన్ మధ్యలో కరెంటు పోతే కొన్ని మిషన్లు ఆగిన కుట్టు దగ్గర్నుంచి మొదలెడతాయి, కొన్ని మొదటికొస్తాయి. కొనేముందు షాపులోనే నడుస్తుండగా ప్లగ్ పీకి చూడమనండి. మొదటికొచ్చే రకమైతే స్క్రీన్ మీద కుట్టు నంబరు కాగితం మీద రాసుకుంటుండాలి. కరెంటు వచ్చాక ఆ నంబరుకి 5–10 కుట్లు వెనక్కి పోయి మొదలెట్టాలి. హూప్ మాత్రం మిషన్ నుంచి తీసినా, అందులో గుడ్డ కదిలించొద్దు.

ఇన్వర్టర్ ఉంటే సైన్ వేవ్ రకమే. పాత స్క్వేర్ వేవ్ దాని మీద మోటారు గుర్రుమంటుంది, బోర్డు వేడెక్కుతుంది. ఇస్త్రీ పెట్టె అదే ప్లగ్ బోర్డు మీద పెట్టొద్దు. అది అంటుకున్నప్పుడల్లా వోల్టేజీ దిగుతుంది.

బొంతలక్క
పాత చీరల బొంత ఎవరూ అడగట్లేదా? దానికి అసలు ఎంబ్రాయిడరీయే వేరుగా అక్కర్లేదు. నాలుగైదు చీరలు పరిచి, అంచులు లోపలికి మడిచి, బెత్తెడు దూరంలో టాకాలేసి, పైనుంచి కిందిదాకా పరుగుకుట్టు వేసుకుంటూ పోతే ఆ కుట్టే పొరలని పట్టుకుంటుంది, ఆ కుట్టే అందం. బెంగాలీవాళ్ళ కాంతా పని ఇదే గదా. పైకి కనిపించే కుట్టు 3–4 మిల్లీమీటర్లు, కుట్టుకీ కుట్టుకీ మధ్య కూడా అంతే. వరసల మధ్య అర అంగుళం.

మధ్యలోంచి మొదలెట్టి బయటికి కుట్టాలి. అంచునుంచి మొదలెడితే గుడ్డ మధ్యలోకి తోసుకొచ్చి ఉబ్బు మిగిలిపోతుంది. అది ఇస్త్రీకి పోదు.

వెంకటగిరి పాత కాటన్ చీర 100 నంబరు నూలు, చాలా మెత్తన. పై పొరకి బాగుంటుంది గానీ మిషన్ ఎంబ్రాయిడరీకి ఆగదు, సూది పడ్డచోట చిల్లులు తేలతాయి. జరీ అంచు కత్తిరించి పక్కన పెట్టండి, జరీ తీగకి సూది తగిలితే మొన వంగుద్ది.

పెన్నగట్టు_సూది
పాత చీరల బొంత అడుగుతారు పిన్నీ, వాళ్ళ చీరలే తెచ్చిస్తారు. దాని మీద పేరు మాత్రం వేయమంటారు. ఐదు పొరలూ కలిపి హూప్‌లో పెట్టొచ్చా?

బొంతలక్క
పెట్టొద్దమ్మా. పేరు పైచీర మీదే వేసి, తర్వాత మిగతా చీరలు కింద పరుచుకోవాలి. చీర పల్చన కాబట్టి పేరున్న చోట వెనక ఇంకో కాటన్ ముక్క ఆనించి వేయండి.

ట్రంకురోడ్డు_టైలర్
వరస ఎప్పుడూ ఇదే: ఎంబ్రాయిడరీ, గడి కొలతకి కత్తిరించడం, గళ్ళు అతకడం, పొరలు పరవడం, పొరలు కలిపే కుట్టు, చివర పైపింగు. ఎంబ్రాయిడరీ గుడ్డని కుదిస్తుంది కాబట్టి 12 అంగుళాల గడికి 14 అంగుళాల ముక్క కోసి, బొమ్మ అయ్యాక కుట్టు వాటా కలిపి 12½కి కత్తిరించాలి. ముందే 12½ కోస్తే ఒక్కో గడి ఒక్కో కొలతకి వస్తుంది, మూలలు కలవవు.

పేరు విషయం. మిషన్ మీద అక్షరం ఎత్తు 8 మిల్లీమీటర్లకి తగ్గించొద్దు. తెలుగు అక్షరాలకి ఒత్తులు, గుడులు ఉంటాయి గాబట్టి 15 పెట్టుకోండి. తక్కువైతే ‘ఘ’, ‘ఝ’ లోపలి ఖాళీలు పూడిపోతాయి.

దబ్బనం_90
పిల్లలకి ఝాన్సీ అని పేరు పెట్టొద్దని మిషన్ చెబుతోంది.

పెన్నగట్టు_సూది
పసిపిల్లల ఒంటికి మిషన్ కుట్టు వెనక వైపు గరుకుగా ఉంటుందని ఒకావిడ వద్దంది. అది నిజమేనా?

ఒంగోలు_ఓవర్‌లాక్
ఒంటి పొర దుప్పటి అయితే నిజం. బొంతలో వెనకవైపు మధ్య పొరకి ఆనుతుంది, బయటికి రాదు. గరుకయ్యేది గుడ్డ ముడుచుకోకుండా కుట్టేటప్పుడు అడుగున పెట్టే పేపరు. చింపేసే రకం వాడి, కుట్టయ్యాక బొమ్మని వేలితో అదిమిపట్టుకుని నెమ్మదిగా చింపాలి. లాగి చింపితే కుట్టు సాగుద్ది. టీషర్టులకి వాడే, కత్తిరించే రకం మందం పేపరు బొంతకి వద్దు. అది ఎన్ని ఉతుకులకైనా అట్నే బిరుసుగా ఉండిపోతుంది.

చీరాల_చెంగు
దారం రేయాన్ కొనాలా పాలిస్టరా?

ట్రంకురోడ్డు_టైలర్
బొంతకి పాలిస్టర్. రేయాన్ మెరుపు బాగుంటుంది గానీ తడిస్తే బలం తగ్గుద్ది, బ్లీచింగ్ తగిలితే రంగు పోద్ది. మన దగ్గర బొంతని బండ మీద బాదకుండా ఎవరు ఉతుకుతారు? పైన 40 నంబరు, బాబిన్‌లో, అంటే అడుగు దారం చుట్టే చిన్న చక్రంలో, 60 నంబరు తెల్లది. సూది 11, ఎంబ్రాయిడరీ రకం. ఎనిమిది గంటలు నడిచాక సూది పారేయండి, విరిగేదాకా ఆగొద్దు.

బొంతలక్క
దారం సంగతి సరే, గుడ్డ ముందు తడిపి ఆరేసుకోవాలి. కొత్త కాటన్ 3 నుంచి 5 శాతం కుంచించుకుపోతుంది. తడపకుండా కుడితే మొదటి ఉతుకులో బొమ్మ చుట్టూ గుడ్డ ముడుచుకుంటుంది. ఎరుపు, ముదురు నీలం విడిగా నానబెట్టి నీళ్ళు తేరేదాకా పిండాలి. ఉప్పు వేస్తే రంగు ఆగుతుందనేది ఇప్పటి రంగులకి పనిచేయదు.

చీరాల_చెంగు
మా మిషన్ మీద అడుగున దారం ఉండ కట్టి గుడ్డని కిందికి లాగేస్తోంది. బాబిన్ టెన్షన్ ఎంత బిగించినా పోలేదు.

కనిగిరి_కత్తెర
బాబిన్ ముట్టుకోకండి. అడుగున ఉండ కడితే తప్పు పైదారంలో ఉంటుంది. ఫుట్ కిందికి దించి దారం ఎక్కిస్తే టెన్షన్ బిళ్ళల మధ్యకి దారం పోదు. ఫుట్ పైకెత్తి, మొత్తం దారం తీసేసి మళ్ళీ ఎక్కించండి. పైకీ కిందికీ ఆడే మీటలో దారం పడిందో లేదో చూడండి. తర్వాత ఒక లావు పట్టీ కుట్టి వెనక తిప్పండి: మధ్యలో మూడో వంతు తెల్ల బాబిన్ దారం, రెండు పక్కలా పైదారం కనిపిస్తే టెన్షన్ సరిగ్గా ఉన్నట్టు.

చీరాల_చెంగు
@కనిగిరి_కత్తెర పోయింది! ఫుట్ దించే ఎక్కిస్తున్నా.

గొలుసుకుట్టు
మిషన్ బొమ్మ చుట్టూ ముడతలకి కూడా ఇట్నే ఏదన్నా చెప్పండి. ఉతకని గుడ్డ మీదే అట్టా వస్తోంది, చూసినవే చెబుతున్నా.

కనిగిరి_కత్తెర
మూడు కారణాలు. హూప్‌లో గుడ్డ వదులుగా ఉండటం, లేదా బిగించాక అంచులు పట్టుకుని లాగడం. లాగిన గుడ్డ హూప్ తీయగానే వెనక్కి పోతుంది, కుట్టు పోదు. రెండోది అడుగున పేపరు చాలకపోవడం. మూడోది డిజైన్ చిక్కదనం. మామూలుగా కుట్టు వరసల మధ్య 0.4 మిల్లీమీటరు ఉంటుంది. పల్చటి కాటన్‌కి 0.5కి మార్చాలి. డిజైన్‌ని మిషన్ స్క్రీన్ మీద చిన్నది చేస్తే చాలా మిషన్లు కుట్ల సంఖ్య తగ్గించవు, అవే కుట్లు తక్కువ చోట్లో ఇరికిస్తాయి. 10 శాతం దాటి చిన్నదీ పెద్దదీ చేయొద్దు.

పెన్నగట్టు_సూది
డిజైన్లు కొనాలా, సొంతంగా చేసుకోవచ్చా? తెలుగు పేర్లు ఎట్టా?

ఇన్వర్టర్‌బాబు
ఇంక్‌స్టిచ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంక్‌స్కేప్‌లో పనిచేస్తుంది. తెలుగు ఫాంట్‌లో పేరు టైప్ చేసి, దాన్ని గీతలుగా మార్చి, కుట్టు రకం ఇచ్చి సేవ్ చేయాలి. ఫైలు రకం మిషన్‌ని బట్టి: జానోమ్ మిషన్లకి జెఫ్, బ్రదర్ వాటికి పెస్, పెద్ద షాపుల మిషన్లకి డీఎస్‌టీ. డీఎస్‌టీలో రంగులు దాచుకోవు, రంగుల వరస కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఒంగోలు_ఓవర్‌లాక్
మిషన్ కొనేముందు ఒక పని చేయండి. పెద్ద మిషన్లున్న షాపులు వెయ్యి కుట్లకి ఇంత అని లెక్క కట్టి కుట్టిస్తాయి. 14 అంగుళాల ముక్కలు 18 కోసి, మధ్య గుర్తు పెట్టి, డీఎస్‌టీ ఫైలు ఇచ్చేయండి. నాలుగైదు బొంతలు అట్టా చేయించి, ఆ ఖర్చు పోను ఎంత మిగిలిందో రాసుకోండి. నెలకి షాపుకి కట్టేది మిషన్ కిస్తీకి దగ్గరగా వచ్చినప్పుడు కొనొచ్చు. షాపువాళ్ళకి ముందే చెప్పాలి, కత్తిరించే పేపరు వద్దు, చింపేదే వేయమని. చెప్పకపోతే వాళ్ళు జాకెట్లకి వాడేదే వేస్తారు.

ట్రంకురోడ్డు_టైలర్
జిగ్‌జాగ్ మిషన్ కూడా ఉంది, 20యూ రకం. మోకాలి మీటతో కుట్టు వెడల్పు మారుస్తూ చేత్తో రింగు తిప్పి కుడతారు. ధర తక్కువ, పేర్లు, ఆకులు బాగా వస్తాయి. చేయి తిరగడానికి నెలలు పడుతుంది, అంతే.

గొలుసుకుట్టు
బొమ్మ గీసే పెన్ను గురించి ఒకమాట. నీళ్ళకి పోయే నీలం పెన్ను గీత మీద ఇస్త్రీ పెట్టొద్దు, గీత నిలిచిపోతుంది. ముందు చన్నీళ్ళలో తడిపి పోగొట్టాలి. ఇస్త్రీ వేడికి పోయే పెన్ను గీత గడ్డకట్టే చలిలో మళ్ళీ బయటపడుతుంది.

దబ్బనం_90
నెల్లూరులో గడ్డకట్టే చలా! కస్టమర్ బొంతని ఐస్ ఫ్యాక్టరీలో దాచుకుంటే తప్ప దొరకం.

గొలుసుకుట్టు
కాశ్మీరు టూరుకి తీసుకుపోతే?

బొంతలక్క
నవ్వుకోవడం అయ్యాక ఇంకోటి. సముద్రం దగ్గరున్నవాళ్ళు పనాపి లేచేటప్పుడు సూది గుడ్డకి గుచ్చి వదిలేయొద్దు. ఉప్పుగాలికి రాత్రికి రాత్రే తుప్పు మరక దిగుద్ది, సబ్బుకి పోదు. సూదుల డబ్బాలో సుద్దముక్క వేసుకోండి, చెమ్మ పీలుస్తుంది.

పెన్నగట్టు_సూది
సరే. వాకింగ్ ఫుట్ తెప్పిస్తుండా. గీత బొమ్మలు చేత్తోనే, పేర్లు మాత్రం షాపులో వేయిస్తా. దసరా ఆర్డర్లు అయ్యాక 5×7 సంగతి చూస్తా, 4×4 వద్దు. 66×90 బొంతకి అడుగు గుడ్డ, పైపింగు గుడ్డ ఎంత తీసుకోవాలి? 44 అంగుళాల పన్నా.

కనిగిరి_కత్తెర
అడుగు గుడ్డ నాలుగు పక్కలా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 74×98. 44 పన్నా ఒకటి చాలదు, రెండు పన్నాలు అతకాలి. 98 రెండుసార్లు, 196 అంగుళాలు, అదే 5 మీటర్లు. తడిపితే తగ్గుతుంది కాబట్టి ఐదుంపావు తీసుకోండి. అతుకు నడిమధ్యలో రానీయొద్దు, మడత ఎప్పుడూ అక్కడే పడి చిరుగుద్ది. ఒక పన్నా నిండుగా మధ్యలో పెట్టి, రెండోదాన్ని నిలువునా చీల్చి రెండు పక్కలా అతకండి.

పైపింగుకి చుట్టుకొలత 312, మూలలకీ అతుకులకీ 12 కలిపితే 324 అంగుళాలు. అంచులు పోను 42 అంగుళాల పట్టీలు 8 కావాలి. ఒక్కోటి 2½ అంగుళాల వెడల్పు, మొత్తం 20 అంగుళాల గుడ్డ. 60 సెంటీమీటర్లు అడగండి.

పెన్నగట్టు_సూది
మూలల దగ్గర నాకు పైపింగు గుండ్రంగా తిరిగిపోతోంది.

కనిగిరి_కత్తెర
మూలకి పావు అంగుళం ముందే కుట్టు ఆపి దారం తెంచండి. పట్టీని 45 డిగ్రీలకి పైకి మడిచి, మళ్ళీ నేరుగా కిందికి మడిచి, మడత అంచు బొంత అంచుకి సరిగ్గా కలిపి, పైనుంచి మొదలెట్టాలి. ఆపకుండా తిప్పేస్తే గుండ్రం వస్తుంది. పట్టీ రెండు కొసలు మూల దగ్గర కలపొద్దు, పొడుగు పక్క మధ్యలో ఏటవాలుగా అతకండి.